అల్లాలా, వడకాలా? సూది, తకిలీ, చర్ఖాల్లో మీకు సరిపోయేది ఏది

రోజూ ఒక అరగంట చేతులకు పని ఉండాలి, ఆ అరగంటా ఫోను పక్కన పెట్టాలి, చివరికి ఏదో ఒక వస్తువు కూడా తయారవ్వాలి. ఇలా అనుకుని కుట్లు, అల్లికల వైపు వచ్చేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. నూలుతో ఇంట్లో కూర్చుని నేర్చుకోదగ్గ పనులు ముఖ్యంగా నాలుగు: క్రోషే సూదితో అల్లడం, రెండు సూదులతో అల్లడం, తకిలీ (చేత్తో తిప్పే చిన్న ఉక్కు పుల్ల) మీద నూలు వడకడం, పెట్టె చర్ఖా మీద వడకడం. నాలుగూ మంచివే, కానీ ఒక్కో మనిషికి ఒక్కోటి నప్పుతుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. చేతిలో వస్తువు కనబడాలి అనుకునేవాళ్లు సూది పట్టండి. వస్తువు ఎప్పటికైనా రానీ, ఆ పని చేస్తూ కూర్చోవడమే ఇష్టం అనుకునేవాళ్లు తకిలీ పట్టండి. చర్ఖా తకిలీ చేతికొచ్చాకే కొనండి. ఇక "నేను వడికిన నూలుతో నేనే స్వెట్టర్ అల్లుకుంటాను" అనేవాళ్లు డబ్బు ఖర్చు పెట్టేముందు కింద నూలు మందం లెక్క రాసిన చోటు తప్పకుండా చదవండి. ఎంతో ఆశగా మొదలుపెట్టినవాళ్లు నీరసించి మానేసేది అక్కడే.

క్రోషేనా, రెండు సూదులా?

క్రోషేకి ఒక్క సూది చాలు. దాని కొసన చిన్న కొక్కెం ఉంటుంది. ఎప్పుడు చూసినా సూది మీద ఉండేది ఒకే కుట్టు. కుక్కర్ కూత వేసినా, దిగాల్సిన స్టాపు వచ్చినా సూది తీసి సంచిలో వేసుకోవచ్చు. మహా అయితే రెండు మూడు కుట్లు ఊడతాయి, మళ్లీ వేసుకోవచ్చు. రెండు సూదుల పనిలో అలా కాదు. వరుసలో ఎన్ని కుట్లుంటే అన్నీ సూది మీదే ఉంటాయి. ఒక కుట్టు జారితే అది కింది వరుసల్లోకి ఊడుతూ పోతుంది. దాన్ని మళ్లీ పైకి ఎక్కించడం కష్టమేమీ కాదు గానీ, కొత్తలో చూస్తే గుండె జారుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో, మధ్యమధ్యలో లేవాల్సివచ్చే వాళ్లకు క్రోషే హాయి.

పశ్చిమ గోదావరిలో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు తరతరాలుగా అల్లుతున్న లేసు ఈ క్రోషే పనే. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల ద్వారా అక్కడికి చేరింది. సన్నటి నూలు దారం, అంతకన్నా సన్నటి స్టీలు సూది, చేతివైపు పెద్దగా చూడకుండానే పువ్వు తర్వాత పువ్వు వేసుకుపోయే వేళ్లు. అది చూసి ముచ్చటపడి చాలామంది అదే దారం, అదే సూది కొనుక్కొచ్చి మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. సన్న దారంలో కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొత్త కంటికి కనిపించదు. 4 మి.మీ. సూది, దానికి తగ్గ మధ్యరకం దారంతో నెల రోజులు చేశాక లేసు దారం జోలికి వెళ్లండి.

గుడ్డ స్వభావంలోనే రెండింటికీ పెద్ద తేడా ఉంది. క్రోషే గుడ్డ మందంగా, బిగువుగా ఉంటుంది, పెట్టిన ఆకారంలో నిలుస్తుంది. సంచులు, బొమ్మలు, గుమ్మానికి తోరణాలు, కుర్చీ కవర్లు, పూజగదిలో పీట మీద పరిచే గుడ్డలు, ఇవన్నీ దాంట్లోనే బాగుంటాయి. రెండు సూదుల గుడ్డ సాగుతుంది, ఒంటి మీద జారుగా పడుతుంది. స్వెట్టర్, టోపీ, సాక్సు కావాలంటే రెండు సూదులే. అంతే సైజు గుడ్డకు క్రోషేలో దారం దాదాపు మూడో వంతు ఎక్కువ పడుతుంది కూడా. ఖరీదైన ఊలు కొన్నప్పుడు ఈ తేడా జేబుకు తెలుస్తుంది.

నేర్చుకునేటప్పుడు వచ్చే ఇబ్బంది కూడా రెండింట్లో వేరువేరు. రెండు సూదులతో 30 కుట్లు ఎక్కించి మొదలుపెట్టిన గుడ్డ పది వరుసలయ్యేసరికి 33, 34 కుట్లవుతుంది, గుడ్డ వెడల్పయిపోతుంది. దానికి కారణం ప్రతి వరుసలో మొదటి కుట్టు దగ్గర ఉంటుంది. దారం సూదికి ముందువైపు ఉండిపోతే, దాన్ని వెనక్కి తెచ్చేటప్పుడు సూది మీదుగా లాగేస్తారు. అప్పుడు ఆ ఒక్క కుట్టు రెండు కాళ్లు పైకెత్తి రెండు కుట్లలా కనిపిస్తుంది. మనం రెండింటినీ అల్లేస్తాం. వరుస మొదలుపెట్టేముందు దారాన్ని సూది కిందుగా వెనక్కి తెస్తే చాలు. క్రోషేలో దీనికి సరిగ్గా తిరగేసి జరుగుతుంది: వరుస చివరి కుట్టు పక్కకు దాక్కుని కనిపించదు, దాన్ని వదిలేస్తాం, గుడ్డ మూడు మూలల ముక్కలా సన్నబడుతూ పోతుంది. మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ ఒక రంగుదారం ముక్క గుర్తుగా కట్టుకోండి, వారంలో చెయ్యి దారిలో పడుతుంది.

నా ఓటు ఎటు అంటే, తోడుగా చూపించేవాళ్లు లేక వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు క్రోషే. పక్కింట్లోనో, బంధువుల్లోనో రెండు సూదులు తెలిసిన అత్తయ్యో, పిన్నిగారో ఉంటే మాత్రం ఆలోచించకుండా రెండు సూదులు. చెయ్యి పట్టుకుని చూపించేవాళ్లు దొరకడం అదృష్టం, ఆ అవకాశం వదులుకోకూడదు.

సూదుల నంబర్ల గొడవ

మన దుకాణాల్లో దొరికే అల్యూమినియం సూదుల మీద ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లు కనిపిస్తాయి. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మి.మీ., 10 నంబరు అంటే 3.25 మి.మీ. అమెరికా లెక్క దీనికి ఎదురు: నంబరు పెరిగితే సూది లావవుతుంది, అక్కడి 8 నంబరు 5 మి.మీ. డాలస్ నుంచి కూతురు పంపిన నమూనాలో 8 నంబరు సూది అని చూసి ఇక్కడి 8 నంబరుతో అల్లితే స్వెట్టర్ ఛాతీ దగ్గర పట్టేస్తుంది. కాబట్టి నంబరు వదిలేసి ఎప్పుడూ మిల్లీమీటర్లే చూడండి. క్రోషే నమూనాల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. నమూనా ఏ దేశానిదో చూసుకోకపోతే పువ్వు రేకులు పొడుగు పొట్టి అయిపోతాయి.

సూది దేంతో చేసిందన్నది కూడా లెక్కే. అల్యూమినియం సూది మీద కుట్లు జారుతూ ఉంటాయి. చెయ్యి తిరిగినవాళ్లకు అది వేగం, కొత్తవాళ్లకు టెన్షన్. వెదురు సూది కుట్టును కాస్త పట్టి ఉంచుతుంది. నేర్చుకునేటప్పుడు వెదురు మంచిది.

పొడుగాటి సూదుల జతకు బదులు సర్క్యులర్ సూది కొనమని గట్టిగా చెబుతాను. రెండు పొట్టి సూదుల మధ్య సన్నటి ప్లాస్టిక్ తీగ ఉంటుంది. గుండ్రంగా టోపీ అల్లుకోవచ్చు, మామూలుగా అటూ ఇటూ తిరిగి స్కార్ఫ్ కూడా అల్లుకోవచ్చు. స్వెట్టర్ బరువంతా తీగ మీదుగా ఒళ్లో ఉంటుంది కాబట్టి మణికట్లు లాగవు. బస్సులో పక్కవాళ్లకు మోచెయ్యి తగలదు, ఒక సూది సోఫా కింద పోయిందన్న బాధ ఉండదు. 4 మి.మీ., 80 సెం.మీ. పొడవున్నది ఒక్కటి ఉంటే ఏడాది పాటు వేరే సూది అక్కర్లేదు.

మన ఎండకు ఏ దారం?

దుకాణంలో ఊలు అని అమ్మే ఉండల్లో చాలా వరకు అక్రిలిక్. లుధియానా మిల్లుల నుంచి వచ్చే ఈ దారం చవక, రంగులు బోలెడు, ఉతికితే ముడుచుకోదు. నేర్చుకోవడానికి, పిల్లల టోపీలకు, బొమ్మలకు బాగానే ఉంటుంది. కానీ చెమట పీల్చదు, వేడి ఇస్త్రీ పెట్టెకు కరుగుతుంది. పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ మాత్రం అక్రిలిక్‌తో ఎప్పుడూ అల్లకండి. వేడి గిన్నెకు కరిగి చేతికి అంటుకుంటుంది.

కొన్నది ఏమిటో తెలుసుకోవాలంటే వేలెడు దారం తీసి, పటకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. అసలు ఊలైతే వెంట్రుక కాలిన వాసన, మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి పూస వేళ్లతో నలిపితే పొడవుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక నలగని గట్టి పూసలా మిగులుతుంది. పావలా ఖర్చు లేని పరీక్ష. ఊలు ధర పెట్టి అక్రిలిక్ తెచ్చుకోకుండా కాపాడుతుంది.

విజయవాడ, రాజమండ్రి, వరంగల్ ఎండల్లో ఏడాది పొడుగునా వాడుకునేది నూలు దారమే. పసిపిల్లల చేతుల్లేని బనీన్లు, భుజాన వేసుకునే సంచి, ముఖం తుడుచుకునే గుడ్డ, అన్నీ దాంట్లో చేసుకోవచ్చు. దాని ఇబ్బంది ఒక్కటే, సాగదు. ప్రతి కుట్టుకూ వేళ్లే శ్రమపడాలి, గంటసేపు అల్లితే బొటనవేలి మొదట్లో నొప్పి తెలుస్తుంది. నూలు స్వెట్టర్ అడుగు పట్టీ నాలుగు ఉతుకులకు వదులైపోతుంది కూడా. మెరిసే మెర్సిరైజ్డ్ నూలు జారిపోతూ ఉంటుంది, మెరుపు లేని మామూలు నూలు చేతికి పట్టు ఇస్తుంది. మొదట రెండోదే కొనండి.

అసలు ఊలు అల్లడానికి అన్నింటికన్నా సుఖమైన దారం. సాగి మళ్లీ తన చోటుకు వస్తుంది, ఎగుడుదిగుడు కుట్లు ఒక్క ఉతుకుతో సర్దుకుంటాయి. కానీ మనకు చలి ఎన్ని వారాలు? హైదరాబాదులో నెలన్నర, ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపు ఇంకొంచెం ఎక్కువ. ఢిల్లీలోనో, కెనడాలోనో ఉన్న మనవడికి అల్లుతున్నారంటే తప్పకుండా ఊలే తీసుకోండి. కాకపోతే వాషింగ్ మెషీన్‌లో వేయకూడదని కోడలికి ఫోనులో ముందే చెప్పండి. వేడినీళ్లు, రాపిడి కలిస్తే ఊలు గుడ్డ గట్టిపడి సగానికి ముడుచుకుంటుంది. ఇక్కడే వాడుకునే చలికోటుకైతే నూలు, అక్రిలిక్ కలిసిన దారం నాకు నచ్చింది.

ఏ దారమైనా మొదటిది లేత రంగుదే కొనండి. నల్ల దారం మీద రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద కుట్లు లెక్కపెట్టడం అనుభవమున్నవాళ్లకే కష్టం. పెద్ద పనికైతే కావాల్సిన ఉండలన్నీ ఒకేసారి, లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేశారని చెప్పే గుర్తు) ఒకటే ఉన్నవి తీసుకోండి. లేకపోతే స్వెట్టర్ మధ్యలో రంగు తేడా పట్టీలా తెలుస్తుంది. పెద్దవాళ్ల స్వెట్టర్‌కు దాదాపు 400 నుంచి 600 గ్రాములు, పసిపిల్లల టోపీకి 30 నుంచి 50 గ్రాములు చాలు.

తకిలీ మీద నూలు

ఇక వడకడం. నాకు మనసుకు దగ్గరైన భాగం ఇది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తకిలీ అంటే జానెడు ఉక్కు తీగ, దాని కింది భాగంలో రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద ఇత్తడి చక్రం, పైకొసన చిన్న కొక్కెం. అంతే. చవక, చొక్కా జేబులో పడుతుంది, చప్పుడు చేయదు. కొబ్బరి చిప్పలోనో, నున్నటి స్టీలు గిన్నెలోనో కింది మొన ఆనించి, కుడిచేతి వేళ్లతో గిర్రున తిప్పుతూ ఎడమచేతిలోని ఏకును (వడకడానికి వీలుగా చుట్టిన దూదిని) పైకి లాగుతూ పోవాలి. వేళ్లకు కాస్త సుద్దపొడి రాసుకుంటే తిప్పడానికి పట్టు దొరుకుతుంది.

కిటుకంతా ఎడమచేతిలో ఉంది. ఏకును పట్టుకున్న వేళ్లు గట్టిగా నొక్కితే దూది కదలదు, నూలు తెగుతుంది. మరీ వదిలేస్తే మెలి ఏకులోకి ఎక్కి మొత్తం ముద్ద కడుతుంది. కోడిపిల్లను పట్టుకున్నంత ఒత్తిడి చాలు. నూలు మధ్యలో ఉండ కట్టిన చోట కంగారుపడి తెంచేయకండి. ఉండకు అటూ ఇటూ రెండు వేళ్ల దూరంలో పట్టుకుని, మెలిని కొంచెం విప్పి, మెల్లగా లాగండి. ఉండలోని దూది జారి సన్నబడుతుంది, వదలగానే పక్కనున్న మెలి అక్కడికి చేరుతుంది. ఇది మొదటిసారి చేతిలో జరిగినప్పుడు కలిగే ఆనందం మాటల్లో పెట్టడం కష్టం. దూదిని నూలుగా నిలబెట్టేది ఆ మెలి ఒక్కటేనని వేళ్లకు తెలిసేది అప్పుడే.

ఏకుల విషయంలో ఒక హెచ్చరిక. మందుల షాపులో దొరికే దూదితో మొదలుపెట్టకండి. దాంట్లో పత్తికి సహజంగా ఉండే మైనాన్ని తీసేస్తారు, పోగులు ఒకదాని మీద ఒకటి జారక ముద్దలు ముద్దలుగా వస్తాయి. తప్పు మీ చేతిదనుకుని మానేస్తారు. ఖాదీ సంస్థల దగ్గర తయారైన ఏకులు అడగండి. పత్తి పండే ఊళ్లో బంధువులుంటే ఒక కిలో పత్తి తెప్పించుకుని గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టుకోవచ్చు. కిలో పత్తిలో దూది మూడో వంతే, మిగతాది గింజ. ఇంట్లో వెనకటి బేసిక్ స్కూల్లో చదివిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే తకిలీ వాళ్ల చేతికిచ్చి చూడండి. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నది వేళ్లు మర్చిపోవు.

గాలిలో తేమ కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం పొడిగాలికి పోగులు లేచిపోతాయి, నూలు పుటుక్కున తెగుతుంది. వానాకాలం పొద్దున అదే ఏకు వెన్నలా సాగదు గానీ బుద్ధిగా మాట వింటుంది. వడికేటప్పుడు ఫ్యాను ఆపేయండి, ఎండాకాలమైతే పక్కన తడిగుడ్డ ఆరేసుకోండి.

పెట్టె చర్ఖా ఎప్పుడు కొనాలి?

గాంధీజీ 1930లో యరవాడ జైల్లో ఉన్నప్పుడు ఎక్కడికైనా తీసుకెళ్లగలిగేలా రాట్నాన్ని చిన్నది చేసే పనిలో పడ్డారు. అలా రూపుదిద్దుకున్నదే యరవాడ చక్రం, మనం పెట్టె చర్ఖా అంటున్నది. ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం, వాటికి తాడు, చివర కదురు, అంటే నూలు మెలి తిప్పి చుట్టుకునే సన్నటి ఇనుప పుల్ల. మూత వేస్తే సూట్‌కేసులా చేత్తో పట్టుకుపోవచ్చు. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే కదురు పదుల చుట్లు తిరుగుతుంది కాబట్టి తకిలీ కన్నా వేగం చాలా ఎక్కువ.

వేగం ఒక్కటే చూసి కొనకండి. చర్ఖాకు నేల మీద కూర్చోగలగాలి, లేదా సరైన ఎత్తులో బల్ల ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది ముందే ఆలోచించాల్సిన సంగతి. తాడు బిగువు, చక్రాల వరస, కదురు నిటారుతనం, మూడూ కుదిరితేనే నూలు వస్తుంది. తకిలీ మీద చెయ్యి కుదరనివాళ్లకు తెగేది తమ చేతివల్లో, చర్ఖావల్లో తెలియదు. అందుకే తకిలీ తర్వాతే చర్ఖా అంటున్నాను. కొనేముందు చక్రం తిప్పి కదురు మొన వైపు చూడండి. మొన ఒక చుక్కలా నిలబడితే మంచిది, వణుకుతూ చిన్న వలయంలా కనిపిస్తే కదురు వంగినట్టు. కదురు మార్చి ఇవ్వమనండి. సన్మానాల్లో బహుమతిగా ఇచ్చే చిన్న చర్ఖాలు షోకేసులోకే, వాటి మీద వడికే ఆశ పెట్టుకోవద్దు. చాలా కదుళ్లుండే అంబర్ చర్ఖా ఉత్పత్తి కేంద్రాలకు చేసినది, ఇంట్లో సరదాకు కాదు. కాలితో తొక్కే విదేశీ రాట్నం ఊలు వడికేవాళ్లకు బాగుంటుంది. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉండి ఊలు తేలిగ్గా దొరికేవాళ్లు అది ఆలోచించొచ్చు.

నూలు మందం లెక్క

ఇప్పుడు అసలు చిక్కు. వడికే నూలు నేతకు తయారయ్యేది, అల్లికకు కాదు. నూలు సన్నదనాన్ని కౌంటులో చెబుతారు. ఒక పౌండు బరువుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత కౌంటు. మీటర్లలో చెప్పుకుంటే 20 కౌంటు నూలు గ్రాముకు దాదాపు 34 మీటర్లు. అల్లడానికి వాడే మధ్యరకం దారం 100 గ్రాముల ఉండలో 200 నుంచి 230 మీటర్లే ఉంటుంది, అంటే గ్రాముకు రెండు మీటర్ల పైచిలుకు. కౌంటులో అది ఒకటిన్నర కూడా కాదు. 20 కౌంటు నూలుతో ఆ మందం రావాలంటే పదిహేను పోగులు కలపాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, 100 కౌంటు నూలు వడికే అమ్మలున్నారు. ఆ నూలు ఒక్క గ్రాముకు 170 మీటర్ల దాకా సాగుతుంది. ప్రపంచంలో ఎక్కడ చూపించినా తలెత్తుకునే పనితనం అది. కానీ ఆ నూలు మగ్గానికి, ధోవతికి. దాంతో టోపీ అల్లాలనుకోవడం ఆ నూలుకే అన్యాయం.

అల్లికకు వడకాలనుకుంటే కావాలనే లావుగా, 8 నుంచి 10 కౌంటు వచ్చేలా వడకండి. కొత్త చేతికి ఎలాగూ లావే వస్తుంది కాబట్టి మొదటి నెలల్లో ఇది తేలికే. చెయ్యి తిరిగి నూలు సన్నబడ్డాకే పట్టి పట్టి లావు తీయాలి. 10 కౌంటు పోగులు నాలుగు కలిపితే సన్నరకం అల్లిక దారం తయారవుతుంది, గ్రాముకు నాలుగు మీటర్లు. పోగులు కలిపేటప్పుడు వడికిన దిశకు ఎదురుగా తిప్పాలి, అప్పుడే మెలి సర్దుకుని దారం గుండ్రంగా నిలుస్తుంది. ఒంటిపోగుతోనే అల్లితే గుడ్డ ఒక పక్కకు ఒరిగిపోతుంది. కలిపిన దారాన్ని చిలప చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, కొంచెం సబ్బు వేసిన నీళ్లలో అరగంట మరిగించి ఆరేస్తే మెలి స్థిరపడుతుంది.

సమయం కూడా లెక్కేసుకోండి. అలాంటి దారం 100 గ్రాములు కావాలంటే 1,700 మీటర్ల ఒంటిపోగు వడకాలి. గంటకు 100 మీటర్లు తీయగలిగితే పదిహేడు గంటలు, రోజుకు అరగంట చొప్పున నెల పైన. పోగులు కలిపే సమయం దీనికి అదనం. 1924లో బెల్గాం కాంగ్రెస్ సభ్యత్వానికి చందాగా పెట్టిన వంతు నెలకు 2,000 గజాల నూలు. 20 కౌంటు అయితే అదంతా కలిపి తూకం వేస్తే 54 గ్రాములు! నెలంతా వడికింది తీసుకొచ్చి మన అల్లిక లెక్కలో పెడితే సగం ఉండ. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. వడకడాన్ని దారం సంపాదించే దారిగా కాక, వడకడంగానే ఇష్టపడాలని చెబుతున్నాను.

ఊలు వడికేవాళ్లకు దారి కొంచెం దగ్గర. ఊలు పోగులు పొడుగు, మెలి తక్కువ చాలు, లావుగా తీయడం సులువు, వేలాడే కదురు ఒక్కటి ఉంటే సరిపోతుంది. తెలంగాణలో కురుమలు పెంచే దక్కనీ గొర్రెల నల్ల ఊలు గొంగడికి ప్రాణం, వానను ఆపుతుంది, చలిని ఆపుతుంది. అయితే ముతక, ఒంటికి గుచ్చుకుంటుంది. దాన్ని వడికి చిన్న చాపలు, సంచి పట్టీలు, కూజా కింద పెట్టే చుట్టలు చేయండి. మెడకు చుట్టుకునే స్కార్ఫ్‌కు మాత్రం వేరే మెత్తటి ఊలు తెచ్చుకోండి.

అమ్ముదామా అని అడిగేవాళ్లకు

అమ్మకం మనసులో పెట్టుకుని మొదలుపెట్టొద్దని నా అభిప్రాయం. ముప్పై గంటలు పట్టే శాలువాకు ఆ గంటలకు తగ్గ ధర అడిగితే కొనేవాళ్లు మిల్లు శాలువా ధర చెబుతారు. నరసాపురంలో, పొందూరులో ఇదే పని తిండి పెట్టే పని. వాళ్ల చేతిపనికే తగిన ధర దొరకడం కష్టంగా ఉన్నప్పుడు, సరదాకు చేసే మనం తక్కువ ధరకు అమ్మి వాళ్ల ధరను ఇంకా కిందికి లాగకూడదు. మీరు చేసింది ఇష్టమైనవాళ్లకు ఇవ్వండి. పండక్కి కొనేటప్పుడు ఒక లేసు గుడ్డో, ఒక పొందూరు పంచో వాళ్ల దగ్గర కొనండి. అల్లడం, వడకడం తెలిసినవాళ్లకే ఆ ధర ఎందుకో తెలుస్తుంది.

ఎవరికి ఏది

ఉద్యోగంలో రోజూ గంటకు పైగా బస్సో, మెట్రోనో ఎక్కేవాళ్లకు క్రోషే. కూర్చోవడానికి సీటు దొరకాలి, అంతే. రిటైరయి, పొద్దున్నే లేచి ఒక గంట తనకంటూ ఉన్నవాళ్లకు తకిలీ, మోకాళ్లు సహకరిస్తే ఆర్నెల్లకు పెట్టె చర్ఖా. చలిదేశంలో పిల్లలున్నవాళ్లకు రెండు సూదులు, ఊలు. బొటనవేలి కీలు నొప్పి ఉన్నవాళ్లు నూలు దారంతో బిగువుగా అల్లే పని మానుకుని, లావు పిడి ఉన్న క్రోషే సూది, మెత్తటి దారం తీసుకోవాలి. ఇరవై నిమిషాలకోసారి చేతులు వదిలేయాలి. స్కూలు పిల్లలకు తకిలీ ఇచ్చి చూడండి. అది తిరగడమే వాళ్లకు ఆట.

రెండూ నేర్చుకుని కలపాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లకు ఒక చిన్న పని చెబుతాను. మిల్లు నూలు దారంతో 30 కుట్ల ముఖం తుడుచుకునే గుడ్డ అల్లండి, 40 గ్రాములు సరిపోతుంది. దాని అంచుకు మాత్రం మీరు తకిలీ మీద వడికి, నాలుగు పోగులు కలిపి, మరిగించిన నూలు వాడండి. సన్నగా అనిపిస్తే ఆ దారాన్ని జంటగా పట్టుకుని అల్లండి. పది గ్రాములు వడికితే అంచుకు సరిపోయి ఇంకా మిగులుతుంది. మరిగించకుండా అల్లితే మొదటి ఉతుకుకే అంచు ముడుచుకుని గుడ్డ మధ్యలో బుంగలా లేస్తుంది, కాబట్టి ఆ ఒక్క పని మాత్రం వదిలేయకండి.